అంట్లు తోముటకు యంత్రమా? చేయియా?

ఆస్ట్రేలియాలో స్థిరపడిన మన పిల్లల యిండ్లకు పోయివచ్చు పెద్దలు తరచుగా ఒక ఫిర్యాదు తెత్తురు. "కోడలు నాలుగు గిన్నెలైనను చేతితో తోమదు. యంత్రములో పెట్టి మీట నొక్కును. నీరును విద్యుత్తును వృథా" అని. నేనును బ్రిస్బేనులో మా అమ్మాయి యింట ఈ మాటయే పలికి, కుళాయి విప్పి, అంట్లన్నియు స్వయముగా తోమితిని. అమ్మాయి మాటాడక కుళాయి క్రింద బాల్చీ నుంచినది. పని ముగియులోపల ఆ బాల్చీ అయిదుమారులు నిండినది. నాకు నోట మాట రాలేదు.

జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయమువారు ఈ సంగతిని పరీక్షించి యున్నారు. పండ్రెండుమంది భుజించిన పాత్రలను చేతితో తోముటకు సగటున 103 లీటర్ల నీరు పట్టినది. యంత్రమునకు పట్టినది సుమారు 15 లీటర్లు మాత్రమే. 2007లో మహా క్షామము వచ్చి జలాశయములు అడుగంటినపుడు, బ్రిస్బేను ప్రాంతమువారిని మనిషికి దినమునకు 140 లీటర్లు మించి వాడవలదని ప్రభుత్వము కోరినది. ఒక్క పూట అంట్లకు 103 లీటర్లు పోయినచో స్నానపానములకు మిగులునది ఎంత?

అట్లని యంత్రమే గెలిచినదని తీర్పు చెప్పరాదు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమువారు 2020లో వేరొక లెక్కను ప్రకటించిరి. పదియేండ్ల వాడుకలో వెలువడు, భూమిని వేడెక్కించు వాయువులు కుళాయి విడిచి వేడినీట తోమినచో 5620 కిలోలు. యంత్రముతో 2090 కిలోలు. ఒక తొట్టిలో వేడినీట తోమి, రెండవ తొట్టిలో చన్నీట జాడించినచో 1610 కిలోలే. దోషము చేతిది కాదు. విడిచిన కుళాయిది, వేడినీటిది.

ఈ రెండుతొట్ల పద్ధతి మనకు క్రొత్తదా? చెరకుతోటల లైన్లలో మన అవ్వలు బిందెలతో మోసి తెచ్చుకొన్న నీటితో ఇట్లే తోమిరి. బూడిద, కొబ్బరిపీచు, తోముటకొక తొట్టి, జాడించుటకొకటి; మిగిలిన నీరు అరటిపాదునకు. నీటిని మోసిన భుజము దాని బరువు నెరుగును. కుళాయి వచ్చిన పిదప మనము చేతిపనిని నిలుపుకొని కొలతను విడిచితిమి. ఆ కొలతయే కదా వారు మనకిచ్చిన ఆస్తి!

కావున అక్కడి బిడ్డలకు నా మనవి. యంత్రమున్నచో అది నిండువరకు ఆగుడు. ఎంగిలిని గరిటెతో గీచి పారవేసినచో చాలును. ముందుగా కుళాయి క్రింద కడిగి పెట్టుట రెండింతల ఖర్చు. ఆ దేశపు విద్యుత్తులో నేటికిని పెద్ద వాటా బొగ్గుదే; అయినను మూడిండ్లలో ఒకదాని కప్పుపై సూర్యఫలకములు కలవు. అవి యున్నవారు యంత్రమును మధ్యాహ్నపుటెండలో నడుపుట మేలు. క్రొత్తది కొనువారు దానిపై చట్టప్రకారము అంటించిన నక్షత్రముల చీటీ చూచి, తక్కువ నీరు త్రాగుదానిని ఎన్నుకొనుడు. చిన్న కుటుంబమునకు రెండు తొట్లే చాలును.

పెద్దలకును ఒక మాట. కోడలిని సోమరియని నిందించుటకు ముందు, మన కుళాయి క్రింద ఒక బాల్చీ నుంచి చూచుకొందము.