మనసుకూ ఉంది ఒక ఖాతా

నేను మైసూరులో పనిచేస్తున్న రోజుల్లో మన తెలుగు పెద్దాయన ఒకరు రోజూ కౌంటరు దగ్గరకొచ్చి, పాస్‌బుక్కులో కొత్త పద్దులేమైనా పడ్డాయా అని అడిగేవారు. "ఇంత చాదస్తమేమిటండీ!" అని ఒకనాడు విసుక్కున్నాను. ఆయన మారుమాట్లాడకుండా వెళ్లిపోయారు.

మనిషి ప్రవర్తనకు ఇలా ఒక్క మాటతో తీర్పు చెప్పడం మనకు అలవాటు. దాన్ని పరీక్షించి తెలుసుకోవాలనేది మనస్తత్వశాస్త్రం. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల నెలకొల్పడంతో అది తత్వశాస్త్రం నుంచి వేరుపడింది. ఒక శబ్దం వినగానే మనిషి స్పందించడానికి పట్టే కాలాన్ని కూడా అక్కడ కొలిచారు. మైసూరు విశ్వవిద్యాలయంలో ఎం.వి. గోపాలస్వామి 1924లోనే ఈ శాఖను ప్రారంభించారు.

తర్వాత దారులు చీలాయి. ఫ్రాయిడ్ మనకే తెలియని లోపలి భయాల్లో, కోరికల్లో కారణం వెతికారు. 1913లో అమెరికాలో వాట్సన్ బయటికి కనిపించే ప్రవర్తననే చూడాలన్నారు. మంచి ఫలితమిచ్చిన పనినే మనిషి మళ్లీ చేస్తాడని స్కిన్నర్ చెప్పారు. 1950ల తర్వాత ఆలోచనకు, జ్ఞాపకానికి ప్రాధాన్యం పెరిగింది.

మరి పెద్దాయన సంగతి? ఎప్పటిదో నష్టం తాలూకు భయమా? డబ్బు పోతుందన్న ఆలోచనా? కౌంటరులో దొరికే పలకరింపా? వారం తర్వాత ఆయన మళ్లీ వచ్చినప్పుడు కుర్చీ వేసి అడిగాను.

"మా ఆవిడ పోయాక ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు లేరు బాబూ" అన్నారు.

జమా, ఖర్చూ రెండూ చూడందే ఖాతా తేల్చం. మనిషి దగ్గర ఆ రోజు నేను ఒక వైపే చూశాను.