పెద్దాయన ఇంటికెళ్తే ఫైలు ఎవరి దగ్గర?

గల్ఫులో మన తెలుగు సంఘాలు చాలావరకు ఒక పెద్దమనిషి చుట్టూ పుట్టినవే. ఎనభైల్లోనో తొంభైల్లోనో వచ్చిన ఆయనకు నాలుగు ముక్కలు అరబ్బీ, హిందీ వచ్చు. కాన్సులేటులో ఏ కౌంటరు దగ్గర ఏ కాగితం ఇవ్వాలో తెలుసు. క్యాంపులో ఇద్దరు కొట్టుకుంటే ఆయన మాటతో తగవు తీరేది. జీతం ఆగితే మేనేజరు దగ్గరికి ఆయనే వెళ్ళేవాడు. ఊళ్ళో పెద్దమనుషులకిచ్చే మర్యాదే ఇక్కడ ఆయనకిచ్చాం. ఆ పద్ధతిని తీసిపారేయమని నేననను. అర్ధరాత్రి చేసినా ఫోనెత్తే మనిషి ఒకడుండడం చిన్న సంగతి కాదు.

కాని సంఘం మారిపోయింది. అప్పట్లో ఒక గదిలో ఉన్నవాళ్ళంతా ఒకే మండలం వాళ్ళు. ఇప్పుడు జగిత్యాల మేస్త్రీ, కడప డ్రైవరు, సూపర్ మార్కెట్టులో బిల్లులు కొట్టే కుర్రాడు, కోనసీమ నుంచి ఇంటిపనికి వచ్చిన అక్క, అందరూ ఒకే వాట్సాప్ గ్రూపులో ఉన్నారు. ఆ అక్కకు పనిచేసే ఇంట్లో కష్టమొస్తే అన్ని సంగతులూ మగ పెద్దాయనతో చెప్పుకోగలదా? పైగా ఆ పెద్దాయనలకూ అరవై దగ్గర పడింది. 2020లో కరోనా వచ్చినప్పుడు వందే భారత్ విమానాలెక్కి వెళ్ళినవాళ్ళలో ఎందరో మళ్ళీ రాలేదు.

నేను దుబాయిలో ఆఫీసు క్లర్కుని. మా ఆఫీసులో క్లర్కు నెల సెలవు మీద ఊరికెళ్ళాలన్నా ఏ ఫైలు ఎక్కడుందో, ఏ పని ఎక్కడ ఆగిందో రాసి సంతకం పెట్టి ఇంకొకరికి అప్పగించాలి. మన సంఘాల్లో అధ్యక్షుడు వీసా క్యాన్సిలై శాశ్వతంగా వెళ్ళిపోతున్నా శాలువా కప్పి ఫోటో దిగుతాం. ఆయన తలలో ఉన్నదంతా ఆయనతోపాటే విమానమెక్కుతుంది.

దీనివల్ల నష్టం ఎవరికో చెప్తాను. ఒక కార్మికుడు చనిపోతే ఆసుపత్రి, పోలీసు కాగితాలు కావాలి, మరణ ధృవపత్రం కావాలి. ఇంటివాళ్ళ సమ్మతి పత్రం తెప్పించాలి. కాన్సులేటులో పాస్‌పోర్టు రద్దు చేయించి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. తర్వాత ఎంబామింగ్, కార్గో బుకింగ్. ఇక్కడి కార్మిక చట్టం ప్రకారం శవాన్ని పంపే ఖర్చు కంపెనీదే. దిక్కులేని కేసులకు మన ప్రభుత్వం 2009లో పెట్టిన ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది. ఇవి తెలియనివాళ్ళు ముందు చందాలకు బయలుదేరుతారు. ఈ దేశంలో అనుమతి లేకుండా చందాలు పోగుచేయడం నేరం. తెలిసిన ఒక్కడూ సెలవులో ఉంటే అక్కడ ఇంటివాళ్ళు రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి.

“మేమూ బాధ్యతలు పంచుకుంటున్నాం, మా కమిటీలో పన్నెండుమంది ఉన్నారు” అంటారు కొందరు. వాళ్ళ బ్యానరు చూశాను. ముగ్గురు ఉపాధ్యక్షులు, ఇద్దరు గౌరవాధ్యక్షులు, జిల్లాకొక కన్వీనరు. పదవులు పంచారు సరే, ఆ పన్నెండుమందిలో కాన్సులేటు మెట్లెక్కినవాళ్ళెందరు? కంపెనీ పీఆర్వోతో మాట్లాడగలిగేవాళ్ళెందరు? బ్యానరు మీద పేరు తప్పు పడితే అలిగేవాళ్ళు మాత్రం తక్కువ లేరు!

మన ఇళ్ళల్లో ఆడవాళ్ళని చూడండి. డ్వాక్రా సంఘంలో పది పదిహేనుమంది ఉంటారు. మొదటి లీడరు, రెండో లీడరు ఇద్దరూ సంతకం పెడితేగాని బ్యాంకులో డబ్బు కదలదు. ప్రతి మీటింగుకూ తీర్మానాల పుస్తకం రాస్తారు. కొన్నాళ్ళకు లీడర్లను మార్చుకోవాలన్నది అక్కడి నియమం. అన్నిచోట్లా పాటించరు, నిజమే. అయినా లీడరమ్మ ఊరెళ్ళినంత మాత్రాన సంఘం ఆగదు. మనం పంపిన డబ్బు లెక్క రాసే ఆ చేతులకు తెలిసిన పద్ధతి మనకెందుకు రాలేదు?

పెద్దాయన్ని కుర్చీలోంచి దించనక్కర్లేదు. తగవులు ఆయనే తీర్చనీయండి, ఆ గౌరవం వయసుతో వచ్చింది. కాగితాల పని మాత్రం ఇద్దరు ముగ్గురికి రావాలి, అందులో ఒక ఆడమనిషి తప్పకుండా ఉండాలి. ఈసారి కాన్సులేటుకు వెళ్ళేటప్పుడు ఆయన వెంట ఒక కుర్రాణ్ణి పంపండి. ఒకరోజు జీతం పోతుందంటారా, ఆ రోజుకు అతని భోజనం, టాక్సీ మనం చూసుకుందాం. వచ్చే మీటింగులో ఆయన్ని కూర్చోబెట్టి, చనిపోయిన కేసులో మొదటి గంట నుంచి ఏమేం చేస్తారో నోటుబుక్కులో రాయించండి. ముందుగా ఫోను నంబర్లు.