వేషం కథకు కుదరాలి



ఫోన్ ఆటల మీద పత్రికల్లో వచ్చే ఉత్తరాలన్నీ పిల్లల చదువు గురించో, పోయిన డబ్బు గురించో ఉంటాయి. నా గొడవ వేరు. కోదాడలో ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. రాత్రి షాపు కట్టేశాక బీజీఎంఐ అనే ఫోన్ తుపాకుల ఆట ఆడతాను. అందులో అమ్మే వేషాల గురించే ఈ ఉత్తరం.

ఆ ఆట జరిగే ఎరాంగెల్ అంటే జనం వదిలేసిపోయిన దీవి. పెచ్చులూడిన ఇళ్లు, తుప్పు పట్టిన బండ్లు, పాత సోవియట్ సైనిక స్థావరం. గీసినవాళ్ల పనితనమంతా ఆ మాసిన రంగుల్లోనే ఉంది. మొన్న ఆ దీవిలోని పొచింకి ఊళ్లో ఓ గోడ చాటున ఊపిరి బిగబట్టి కూర్చున్నా. కిటికీ ముందు నుంచి బంగారు రెక్కలవాడొకడు, వాడి వెనక కోడి వేషంలో ఇంకొకడు ఉరికారు. భయం పోయి నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే చచ్చాను, అది వేరే సంగతి. 2023లో డ్రాగన్ బాల్ కార్టూన్‌లోని గోకు కూడా ఈ దీవిలోకి దిగాడు.

ఎవడి డబ్బు వాడిదంటారు మావాళ్లు. ఆట ఉచితంగా నడిచేది ఆ అమ్మకాల మీదేనన్నదీ నిజమే. కానీ వేసుకునేది ఒకడు, చూడాల్సింది ఆటలోని మిగతా తొంభై తొమ్మిది మంది. నా పనిలోనూ అంతే. దశదిన కర్మ ఫ్లెక్సీ మీద కూడా మెరుపులు పెట్టమనేవాళ్లు వస్తారు నా దగ్గరికి. డబ్బులిచ్చేది వాళ్లే, పెడతాను. రోడ్డున పోయేవాళ్లకు అది చావో పుట్టినరోజో తెలియదు.

తోలుబొమ్మలాటలో పది తలలు తెర మీద పడగానే రావణుడని చంటిపిల్లాడికీ తెలుస్తుంది. నవ్వించే కేతిగాడు, బంగారక్క వచ్చి ఎంత అల్లరి చేసినా వాళ్ల వేళ వాళ్లకుంది. యుద్ధం మధ్యలో రాముడికి కేతిగాడి జుట్టు ఎవరూ అతికించరు. 2007లో వాల్వ్ కంపెనీ ‘టీమ్ ఫోర్ట్రెస్ 2’ ఆటలో తొమ్మిది పాత్రలనూ ఇలాగే, ఆకారం చూసి గుర్తుపట్టేలా గీసింది. 2009లో టోపీలు మొదలుపెట్టింది. పోనుపోను ఆ టోపీల గుట్ట కింద మనిషిని వెతుక్కోవాల్సొచ్చింది.

సింగారం మీద నాకు పగ లేదు. పుణె సూపర్‌గేమింగ్ వాళ్లు 2024లో తెచ్చిన ‘ఇండస్’ ఆట లోకమే మన పురాణాలను, రేపటి యంత్రాలను కలిపి అల్లింది. అక్కడ కిరీటం పెట్టుకున్నా ఎబ్బెట్టుగా ఉండదు.

ఆట తయారుచేసేవాళ్లకు ఒక్క మనవి. సెట్టింగుల్లో ఒక బటన్ ఇవ్వండి. అది నొక్కితే నా ఫోన్‌లో మిగతావాళ్లంతా మామూలు బట్టల్లో కనబడాలి. కొన్నవాళ్ల రెక్కలు వాళ్ల ఫోన్‌లో వాళ్లకు ఉండనే ఉంటాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు, కోదాడ