తవక్కుల్ పేరుతో గఫ్లత్

"అంతా ఫోన్‌లోనే ఉంది, ఇన్షా అల్లా ఏం కాదు." మన ఇళ్లలో ఈ మాట విన్నప్పుడల్లా నాకు గుస్సా వస్తుంది. అమ్మీ నికా ఫోటో, మర్హూమ్ దాదాజాన్ దువా చేస్తున్న వీడియో, దాదీమా వాయిస్ మెసేజ్‌లు, పిల్లాడి బిస్మిల్లా ఫంక్షన్... ఖాందాన్ యాదులన్నీ ఒక్క ఫోన్‌లో నింపి, దాన్ని పైజేబులో వేసుకుని రద్దీ బస్సు ఎక్కుతాం. పైగా దానికి తవక్కుల్ అని పేరు! ముందు ఒంటెను కట్టేయాలి, ఆ తర్వాతే అల్లాపై భరోసా అని చిన్నప్పుడే విన్నాం కదా జనాబ్. కట్టని ఒంటెను వదిలేయడం గఫ్లత్.

"గూగుల్ ఫోటోస్‌లో ఉన్నాయిగా భాయ్" అంటారు. 2021 జూన్ 1 నుంచి అక్కడ ఉచిత స్థలానికి హద్దు పడింది. 15 జీబీ, అదీ జీమెయిల్, డ్రైవ్‌లతో కలిపి. అది నిండితే కొత్త ఫోటోలు ఎక్కవు. ఫోన్‌లో నోటీసు వస్తుంది, మనం చదవం. రెండేళ్లు ఎవరూ వాడని ఖాతాను తీసేస్తామని కూడా వాళ్ల ఖాయిదాలో ఉంది. అబ్బా ఇంతెఖాల్ అయ్యాక ఆయన పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికి తెలుసు? చెహ్లుమ్ దావత్‌కి ఎన్ని దేగ్‌లు దించాలో లెక్క రాసుకుంటాం గానీ, ఆ ఒక్క మాట రాసి పెట్టుకోం. ఇక వాట్సాప్ గ్రూపులో పెట్టడం దాచుకోవడం కానేకాదు. అది ఫోటోను కుదించి పంపుతుంది.

ఇంకో సంగతి. ఫోన్ పాడైతే లాక్ తీసి మరీ మొబైల్ షాపులో ఇచ్చేస్తాం. అందులో ఇంట్లోని ఆడవాళ్ల ఫోటోలన్నీ ఉంటాయి. వీధిలో పర్దా గురించి తఖ్రీర్లు చేసే మర్దులకు అప్పుడు ఆ ఫికర్ ఉండదేం? ఇంట్లో కాపీ ఉంటే, స్క్రీన్ పనిచేస్తున్నంత వరకు ఫోన్ మొత్తం తుడిచేసి ఇవ్వొచ్చు.

హిఫాజత్ మనకు కొత్త ఇల్మ్ కాదు. యమామా జంగ్‌లో ఎందరో హాఫిజ్‌లు షహీద్ అయ్యాక హజ్రత్ ఉమర్ (రజి) ఫికర్ పడ్డారు. హజ్రత్ అబూబకర్ (రజి) జైద్ బిన్ సాబిత్ (రజి) చేత ఖుర్‌ఆన్‌ని ఒకచోట చేర్పించారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) నకళ్లు రాయించి వేర్వేరు షహర్లకు పంపారు. మన ఫోటోలకూ ఆ కలామ్‌కూ పోలికే లేదు, తౌబా. కానీ విలువైనదాన్ని ఒక్కచోటే ఉంచకూడదన్న సలీఖా ఆ బుజుర్గుల నుంచి నేర్చుకోవచ్చు.

చేయాల్సింది సులువే. మొత్తం మూడు కాపీలు ఉండాలి. ఫోన్‌లో ఒకటి, ఇంట్లో హార్డ్ డిస్క్‌లో ఒకటి, ఇంకో డిస్క్‌లో పెట్టి వేరే ఊళ్లో ఉన్న ఆపా ఇంట్లో ఒకటి. రెండు డిస్కులూ ఒకే బీరువాలో పెడితే ఫాయిదా లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది, గుర్తుందిగా? అలాంటి నీళ్లు వస్తే రెండూ కలిసే తడుస్తాయి. డిస్కులకు పాస్‌వర్డ్ పెట్టండి, దాన్ని కాగితం మీద రాసి నికానామా ఉన్న ఫైల్లో ఉంచండి. నెలకో జుమా రోజు కొత్తవి కాపీ చేసి, నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. తెరిచి చూడని కాపీని నమ్మొద్దు. పని కాగానే వైరు పీకేయండి. ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంచితే, దానికి పట్టిన వైరస్ డిస్కుకీ పడుతుంది.

"డిస్కులు మెహంగా" అంటారా? షాదీలో డ్రోన్ వీడియోకి వేలకు వేలు పోసినప్పుడు ఆ మాట రాలేదే! ఆ వీడియో ఉన్న పెన్‌డ్రైవ్ ఇప్పుడు ఎక్కడుందో ఒకసారి వెతకండి.

ఈ యాదులు మన ఒక్కరివే కాదు. దాదీమాను చూడని పిల్లలకు ఆమె గొంతు వినే హక్ ఉంది. అది మన దగ్గరున్న అమానత్. దాన్ని పోగొట్టి నసీబ్ మీద నెట్టేస్తే ఖియానతే అవుతుంది.