ప్రొఫైల్ చదవలేదని తల్లిదండ్రులనా తిట్టేది?

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ తేదీలు వచ్చాయంటే చాలు, ఒక మాట ఊరంతా తిరుగుతుంది. టీవీల్లో కూర్చున్న కెరీర్ నిపుణులూ అదే అంటారు, కాలేజీల పెద్దలూ అదే అంటారు. వివరాలన్నీ కాలేజీ ప్రొఫైల్‌లో ఉంటాయట. అవి చదవకుండా పిల్లల్ని చేర్పించి, నాలుగేళ్ల తర్వాత మోసపోయామని గగ్గోలు పెట్టడం తల్లిదండ్రుల తప్పేనట. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోతుంది. పొలం తాకట్టు పెట్టి బి-కేటగిరీ (యాజమాన్య కోటా) సీటుకు డబ్బు కట్టిన మనిషిని పట్టుకొని, సరిగ్గా చదువుకోలేదేమయ్యా అనడానికి నోరెలా వస్తుంది? ఆయన చదివాడు. ఆ ప్రొఫైల్ చదివి నమ్మాడు కాబట్టే అప్పుల్లో దిగాడు.

బాచుపల్లి నుంచి భీమవరం దాకా ఏ ప్రైవేటు కాలేజీ ప్రొఫైల్ తెరిచినా ఒకటే వరస. డ్రోన్‌తో తీసిన భవనాలు, చైర్మన్ గారి సందేశం, ఎకరాల లెక్క, ఏసీ హాస్టలు, న్యాక్ గ్రేడు, సగం పేజీ నిండా హయ్యెస్ట్ ప్యాకేజీ. నా కోపమంతా ఈ చివరిదాని మీదే. వెయ్యిమంది చదివిన బ్యాచ్‌లో ఒక్కరికి వచ్చిన జీతం మిగతా తొమ్మిది వందల తొంభై తొమ్మిది మంది గురించి ఏం చెబుతుంది? పెళ్లికొడుకు జీతమెంత అని అడిగితే వాళ్ల వంశంలో అందరికంటే ఎక్కువ సంపాదించేవాడి జీతం చెబితే ఆ సంబంధం ఖాయం చేసుకుంటామా? పోనీ ఆ ఒక్క అంకె అయినా నెలనెలా చేతికొచ్చేదా అంటే అదీ కాదు. చేరేటప్పుడు ఒక్కసారి ఇచ్చే బోనస్, ఏళ్ల తరబడి విడతలుగా దక్కే షేర్లు, గ్రాట్యుటీ, బీమా అన్నీ కలిపి సీటీసీ అని వేస్తారు. ఒకే విద్యార్థికి మూడు కంపెనీలు ఆఫర్ ఇస్తే మూడు ప్లేస్‌మెంట్లుగా లెక్కగట్టే చోట్లున్నాయి. ఆఫర్ లెటర్ చేతిలో పెట్టి నెలల తరబడి పిలవని కంపెనీలూ ఆ లెక్కలోనే.

సరైన అంకెలు వాళ్ల దగ్గర లేవా? ఉన్నాయి. 2016 నుంచి కేంద్రం విద్యాసంస్థలకు ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకులు ఇస్తోంది. ర్యాంకు కోరే ప్రతి సంస్థా ఎంతమంది చేరారు, గడువులోగా ఎంతమంది డిగ్రీ పూర్తిచేశారు, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, వాళ్ల మధ్యస్థ జీతం ఎంత అన్నవి రాసివ్వాలి. జీతాలన్నీ వరసగా పేరిస్తే సరిగ్గా నడుమ నిలిచేది మధ్యస్థ జీతం. తండ్రికి తెలియాల్సింది అది. ఢిల్లీకి పంపిన ఆ కాగితం కాలేజీ వెబ్‌సైటులో ఏ మూలనో పడి ఉంటుంది, పిల్లల్ని చేర్పించమంటూ ఇంటికొచ్చిన కాలేజీ పీఆర్వో చేతిలోని రంగుల పుస్తకంలో మాత్రం కనిపించదు. తెలిసి దాచడం కాక మరేమిటిది?

ఆ పీఆర్వోల గురించీ చెప్పాలి. ఇంటర్ పరీక్షలు అవగానే పిల్లల ఫోన్ నంబర్లు వీళ్లకెలా చేరుతున్నాయి? సీటుకింత అని పుచ్చుకొని తమ విద్యార్థుల్ని అప్పగించే లెక్చరర్లు ఉన్నారని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. పత్రికలేం తక్కువ తినలేదు. డబ్బు తీసుకున్న ప్రకటనను వార్తలా పేజీ కట్టి, ప్రకటన అన్న మాటను భూతద్దం పెడితే తప్ప కనపడనంత చిన్నగా వేస్తున్నాయి. పాఠకుడు పత్రిక మీద పెట్టుకున్న నమ్మకాన్ని అమ్ముకోవడం ఇది.

పోనీ, కాలేజీ నాణ్యతను తూచి న్యాక్ ఇచ్చే గ్రేడు చూసుకోమంటారా? 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలోని ఒక ప్రైవేటు సంస్థకు మంచి గ్రేడు కోసం లంచాలిచ్చారన్న ఆరోపణపై న్యాక్ తనిఖీ బృందంలోని వాళ్లను, సంస్థ పెద్దలను సీబీఐ అరెస్టు చేసింది. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. ఆ తర్వాతైనా గ్రేడును ముఖచిత్రం మీద వేయడం ఎవరైనా మానుకున్నారా? అధ్యాపకుల జాబితా చూసుకోమంటారా? ఆధార్ సాయంతో చూస్తే దేశంలో దాదాపు 80,000 మంది అధ్యాపకులు ఒకటికి మించిన చోట్ల లెక్కకెక్కి ఉన్నారని 2018 జనవరిలో కేంద్రమంత్రి ప్రకాశ్ జావడేకరే చెప్పారు. అంటే కాగితం మీద పేరున్న సారు క్లాసుకు వస్తాడన్న భరోసా లేదు.

మరి దారేమిటి? రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నత విద్యామండళ్లు ఉన్నాయి. అవి కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకునే తెర మీదే ప్రతి కాలేజీ పేరు పక్కన, బ్రాంచివారీగా, మూడంటే మూడు అంకెలు వేయించాలి: చేరినవాళ్లు, నాలుగేళ్లలో పాసైనవాళ్లు, మధ్యస్థ జీతం. వాటిని ఎలా తనిఖీ చేయాలో, అబద్ధం రాసిన కాలేజీకి ఎన్ని సీట్లు కోయాలో మండళ్లే కూర్చొని తేల్చాలి. వచ్చే కౌన్సెలింగ్‌లోగా హయ్యెస్ట్ ప్యాకేజీ అన్న మాటనైనా కాలేజీ ప్రకటనల్లో నిషేధించాలి.