ఆఫీసులో కోడ్ రివ్యూ, ఇంట్లో ఎవరిదో పెన్‌డ్రైవ్

మనవాళ్ళతో నాకో పేచీ ఉంది. మనవాళ్ళంటే సాఫ్ట్‌వేర్ వాళ్ళే. ఆఫీసులో నాలుగు లైన్ల స్క్రిప్టు ప్రొడక్షన్‌లోకి వెళ్ళాలంటే ఇద్దరు రివ్యూ చెయ్యాలి, ఒకరు అప్రూవ్ చెయ్యాలి, టికెట్ ఉండాలి. అదే మనిషి శనివారం నాన్నగారి లాప్‌టాప్ పట్టుకెళ్ళి "అన్నా, ఫార్మాట్ కొట్టి విండోస్ ఎక్కించు" అని ఎవరి చేతిలోనో పెట్టి, ఈలోగా ఇరానీ చాయ్ తాగొస్తాడు. ఆ పెన్‌డ్రైవ్‌లో ఏముందో అడగడు. సాయంత్రానికి నాన్నగారు అందులోనే పెన్షన్ ఖాతా తెరుస్తారు!

సికింద్రాబాద్ వాళ్ళకి ఈ వ్యవహారం కొత్తగా చెప్పక్కర్లేదు. ఇంట్లో మొదటి కంప్యూటర్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అదే మన సీటీసీలో, అసెంబుల్ చేయించినదే అని చెప్పేవాళ్ళు మనలో బోలెడుమంది. నా గొడవ ఆ బజారుతో కాదు, ఏ ఊళ్ళోనైనా కథ ఇదే. నా గొడవ అన్నీ తెలిసి కళ్ళు మూసుకునే మనతో.

ముందే ఒక మాట. ఇన్‌స్టలేషన్ ఇమేజ్‌ని మనకి కావలసినట్టు మార్చుకోవడం నేరం కాదు, చాలాసార్లు అవసరం. సాటా హార్డ్‌డిస్కులు వచ్చిన కొత్తలో చాలా కంప్యూటర్లలో ఎక్స్‌పీ సీడీ పెడితే హార్డ్‌డిస్కే కనబడేది కాదట. ఎఫ్6 నొక్కి ఫ్లాపీలో డ్రైవర్ ఇవ్వాలి. ఫ్లాపీ డ్రైవే లేని కంప్యూటర్‌కి ఫ్లాపీ ఎలా పెడతారు? ఆ బాధ పడలేకే ఎన్‌లైట్‌తో డ్రైవర్లని సీడీలోనే కలిపేసేవారు. 2015 తర్వాతి ఇంటెల్ బోర్డుల మీద విండోస్ 7 వేద్దామంటే యూఎస్‌బీ డ్రైవర్లు లేక మౌసూ కీబోర్డూ కదిలేవి కావు. ఇప్పటి లాప్‌టాప్‌లు కొన్నింట్లో విండోస్ 11 పెడితే మళ్ళీ పాత కథే, ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్ ఇచ్చేదాకా డిస్కు కనబడదు. అది దాటితే ఇంటర్నెట్ కావాలంటుంది, వైఫై డ్రైవరేమో ఉండదు. కాబట్టి సర్వీసింగ్ కుర్రాడు డ్రైవర్లు కలిపిన ఇమేజ్ వాడుతున్నాడంటే అది పనితనమే. నేను కాదనను.

మరి తేడా ఎక్కడ? ఆ ఇమేజ్ చాలాసార్లు అతను చేసింది కాదు. ఏ టొరెంట్‌లోంచో వచ్చింది, పది చేతులు మారింది. మనిషి మంచివాడే కావచ్చు, పెన్‌డ్రైవ్ సంగతి అతనికీ తెలీదు. విండోస్ సెటప్ అయిపోగానే, ఇంకా లాగిన్ తెర కూడా రాకముందే, సెటప్‌కంప్లీట్ అనే స్క్రిప్టు నడుస్తుంది. నడిచేది సిస్టమ్ అకౌంట్ కింద, అంటే అడ్మినిస్ట్రేటర్ కంటే పై మెట్టు. అక్కడ ఒక్క లైను చాలు, మీరు డెస్క్‌టాప్ చూసేలోపే ఇంటికి ఇంకొకడి దగ్గర తాళంచెవి ఉంటుంది.

పైగా దొంగ యాక్టివేటర్ ఉండనే ఉంటుంది. వీటిలో చాలామటుకు కంపెనీల కోసం పెట్టిన కేఎంఎస్ పద్ధతిని నకలు కొట్టేవే. కేఎంఎస్ యాక్టివేషన్ 180 రోజులకే చెల్లుతుంది. అంటే ఆ క్రాక్ ఒకసారి పనిచేసి వెళ్ళిపోయే చుట్టం కాదు, ఇంట్లోనే కాపురం పెట్టి మళ్ళీ మళ్ళీ రెన్యూ చేస్తుండాలి. డిఫెండర్ దాన్ని పట్టుకుంటుంది కాబట్టి డిఫెండర్ నోరు మూయిస్తారు. అప్‌డేట్ వస్తే క్రాక్ చెడుతుందేమోనని అప్‌డేట్లూ ఆపేస్తారు.

అప్‌డేట్లు ఆగితే ఏమవుతుందో 2017 మే నెలలో వానాక్రై చూపించింది. అది దూరిన కన్నానికి మైక్రోసాఫ్ట్ ఆ మార్చి 14నే ప్యాచ్ ఇచ్చింది. రెండు నెలలు గడిచినా వేసుకోని కంప్యూటర్లు ప్రపంచమంతా పడ్డాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవి కూడా ఉన్నాయి. వాళ్ళవి దొంగ ఇమేజ్‌లని నేననట్లేదు. అప్‌డేట్ వెళ్ళని కంప్యూటర్‌కి పోలీసులదైనా దిక్కులేదని చెబుతున్నానంతే.

నన్ను అన్నిటికంటే మండించేది ఇంకోటి. విండోస్‌తో కలిపి కొన్న లాప్‌టాప్‌లో లైసెన్సు డబ్బు ముందే కట్టేశాం. విండోస్ 8 కాలం, అంటే 2012 నుంచీ ఆ కీ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది. మామూలు ఐఎస్ఓతో వేస్తే సెటప్ దాన్ని తనే చదువుకుని హోమ్ ఎడిషన్ ఎక్కిస్తుంది, నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. కానీ అక్కడ "ప్రో వేశాను సార్" అంటారు, మనం సంబరపడతాం. సొంత డబ్బుతో కొన్నది తీసేయించి, కూలి కూడా ఇచ్చి, దొంగది పెట్టించుకోవడం! ఇంతకంటే తెలివితక్కువ బేరం ఉంటుందా?

"అంత టైమెక్కడిది బాబూ" అంటారు. ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి ఐఎస్ఓ దించుకోండి, అక్కడే ఇచ్చే షా-256 హ్యాష్‌తో పోల్చుకోండి. లాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి స్టోరేజ్, వైఫై డ్రైవర్లు తెచ్చుకోండి, ఐఎన్ఎఫ్ ఫైళ్ళుగా విప్పినవి కావాలి. డిస్మ్‌తో ఇన్‌స్టాల్ విమ్‌ని మౌంట్ చేసి కలపండి. స్టోరేజ్ డ్రైవర్ బూట్ విమ్‌లోనూ కలపాలి, లేకపోతే ఇన్‌స్టాలర్‌కి డిస్కు కనబడదు. మీడియా క్రియేషన్ టూల్‌తో దించితే విమ్ బదులు ఈఎస్‌డీ వస్తుంది, ముందు దాన్ని విమ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ ఫైలు పట్టదు, ముక్కలు చెయ్యాలి. సెటప్‌కంప్లీట్ స్క్రిప్టు ఓఈఎం కీ ఉన్న లాప్‌టాప్‌ల్లో నడవదు, అక్కడ ఆన్సర్ ఫైలులో ఫస్ట్ లాగాన్ కమాండ్లు రాసుకోవాలి. చిక్కులంటే ఇవే. మనం రోజూ పడే డిప్లాయ్‌మెంట్ తిప్పలతో పోలిస్తే ఇదో లెక్కా?

అన్నట్టు ఆ రెడీమేడ్ ఇమేజ్‌ల్లో షాపు పేరుతో వాల్‌పేపరుంటుంది, సిస్టమ్ ప్రాపర్టీస్‌లో ఫోన్ నంబరుంటుంది, ఎవరూ అడగని ప్లేయర్లుంటాయి. తెలుగు కీబోర్డు మాత్రం ఉండదు. ఎక్స్‌పీలో తెలుగు కనబడటానికే ఒక టిక్కు పెట్టి సీడీ వెతుక్కోవాల్సి వచ్చేది. ఇప్పుడా బాధ లేదు, 2019 నుంచి ఫొనెటిక్ కీబోర్డు విండోస్‌లోనే ఉంది. భాషల జాబితాలో తెలుగు చేర్చడానికి స్క్రిప్టులో రెండు లైన్లు పడతాయి. అమ్మకి తెలుగులో మెయిల్ రాసుకునే వీలు అంత చవగ్గా వస్తుంటే ఆ రెండు లైన్లు రాయడానికి మనకి బద్ధకం.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు అయిపోయింది. పాత కంప్యూటర్ల మీద టీపీఎం తనిఖీ దాటించి 11 ఎక్కించే ఇమేజ్‌లు చేతులు మారుతున్నాయి. మన ఇళ్ళకీ వస్తాయి. సర్వీసింగ్ అతని పొట్ట కొట్టమని నేను చెప్పట్లేదు, అతని కూలి అతనికి ఇవ్వండి. మీరు చేసిన ఇమేజ్, మీరు చదివిన స్క్రిప్టు చేతికిచ్చి, "అన్నా, దీంతో వెయ్యి" అనండి. వీలైతే ఆ పెన్‌డ్రైవ్ అక్కడే వదిలేసి రండి. తర్వాత వచ్చే నాన్నగారికీ పనికొస్తుంది.