గుడ్డ బొమ్మకు బీరువాలో ఏం పని?

ఆరేళ్ల పిల్ల ఒంటరిగా ఆడుకుంటున్నప్పుడు ఎప్పుడైనా చాటుగా విన్నారా? చేతిలోని గుడ్డ బొమ్మను కోప్పడుతుంది, బుజ్జగిస్తుంది, అన్నం ఎందుకు తినలేదని నిలదీస్తుంది, జ్వరమేమోనని నుదురు తాకి చూస్తుంది. అదే పిల్ల బడిలో పేరు అడిగితే తల వంచుకొని నిలబడుతుంది. మాటలు రాక కాదు. తప్పు మాట్లాడితే నలుగురూ నవ్వుతారన్న భయం ఆ నోరు నొక్కేస్తుంది. ఒకటి, రెండు, మూడు తరగతుల గదుల్లో మెత్తని జంతువుల బొమ్మలు తప్పక ఉండాలని నేను కోరేది ఈ భయాన్ని దృష్టిలో పెట్టుకొనే.

ఒక లెక్క తీసుకుందాం. 52 నుండి 17 తీసివేయమంటే 45 అని రాసే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. రెండులోంచి ఏడు పోదు కనుక, ఏడులోంచి రెండు తీసి ఐదు వేస్తారు. దీనిని అశ్రద్ధ అనలేము, దాని వెనుక ఒక తర్కం ఉన్నది. నోటుపుస్తకంలో ఎర్ర సిరాతో కొట్టివేస్తే ఆ తర్కం మారదు, సిగ్గు మాత్రం మిగులుతుంది. అదే లెక్కను ఉపాధ్యాయురాలు గుడ్డ కోతి చేత చేయించి, "మన కోతి 45 అంటున్నది, సరేనా?" అని అడిగితే తరగతి లేచి కూర్చుంటుంది. కొందరు సరే అంటారు, కొందరు కాదంటారు. కాదన్నవారు కోతికి పుల్లలతో చూపించాలి. ఐదు పదుల కట్టల్లో ఒకటి విప్పితే విడి పుల్లలు పన్నెండు, వాటిలో ఏడు తీస్తే ఐదు. మిగిలిన నాలుగు కట్టల్లో ఒకటి తీస్తే మూడు. తప్పు కోతిది కనుక ఎవరికీ అవమానం లేదు. నేర్పినవారికి మాత్రం లెక్క స్థిరపడుతుంది. ఒకరికి చెప్పబోయినప్పుడే మనకెంత తెలుసో బయటపడుతుందన్నది చదువు చెప్పిన వారందరికీ అనుభవమే.

భాష విషయంలో ఈ ఉపాయం విలువ ఇంకా పెద్దది. ఆదిలాబాద్ ప్రాంతంలో గోండి, ఉత్తరాంధ్ర కొండల్లో సవర, తండాల్లో లంబాడీ మాట్లాడే ఇళ్ల నుండి వచ్చే బిడ్డకు తెలుగు తరగతి గది పరాయి ఊరు వంటిది. "ఈ కుందేలుకు గోండి తప్ప మరేదీ రాదు, దీనికి తెలుగు ఎవరు నేర్పుతారు?" అని ఉపాధ్యాయుడు అడిగాడనుకోండి. అంతవరకు ఏమీ రాని బిడ్డగా లెక్కకు వచ్చిన పిల్లే ఆ గదికి దుబాసీ అవుతుంది.

వైద్యులకు ఇది కొత్త సంగతి కాదు. పసిబిడ్డ వదలక పట్టుకు తిరిగే దుప్పటి ముక్క, మెత్తని బొమ్మ వంటివి తల్లి ఒడికీ బయటి లోకానికీ నడుమ ఆసరాగా నిలుస్తాయని బ్రిటన్ పిల్లల వైద్యుడు, మనోవిశ్లేషకుడు డొనాల్డ్ విన్నికాట్ 1953లో ప్రచురించిన వ్యాసంలో వివరించారు. పలు దేశాల్లో వైద్య విద్యార్థులు "టెడ్డీబేర్ ఆసుపత్రి" నడుపుతారు. పిల్లలు తమ బొమ్మను రోగిగా తెస్తారు, పరీక్ష చేయిస్తారు, కట్టు కట్టిస్తారు; అలా వైద్యుడంటే బెదురు తగ్గుతుంది. ఏడుస్తున్న బిడ్డ గుండె వినేముందు ఆ చేతిలోని బొమ్మకు స్టెతస్కోపు పెట్టిన సందర్భాలు నాకూ అనేకం. బొమ్మకు నొప్పి ఎక్కడని అడిగితే, బిడ్డ తరచు చూపేది తన నొప్పి ఉన్న చోటే.

అయితే బొమ్మలో మహిమ ఏదీ లేదు. పిల్లల బొమ్మలను ఒక రాత్రి గ్రంథాలయంలో "పడుకోబెట్టి", అవి పుస్తకాలు తిరగేస్తున్నట్టు ఫొటోలు తీసి, మరునాడు పిల్లలకు చూపే వేడుక ఒకటి జపాన్‌లో ఉంది. దాని ఫలితంపై అక్కడి పరిశోధకులు 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. వేడుక తరువాత పిల్లలు తమ బొమ్మలకు పుస్తకాలు చూపించి చదవసాగారు. కొద్ది రోజుల్లోనే ఆ ఉత్సాహం చల్లారింది. నెల తరువాత గుర్తు చేస్తే మళ్లీ వచ్చింది. నాకు ఈ చల్లారడమే ముఖ్యంగా కనిపిస్తున్నది. కోతికి రోజూ కొత్త తప్పు, కుందేలుకు రోజూ కొత్త సందేహం కల్పించే ఉపాధ్యాయులు కావాలి.

కేంద్ర ప్రభుత్వం 2023 ఫిబ్రవరిలో 3 నుండి 8 ఏళ్ల పిల్లల కోసం "జాదూయీ పిటారా" పేరిట ఆటబొమ్మలు, కార్డులు, పుస్తకాలతో కూడిన సామగ్రిని ప్రవేశపెట్టింది. ఆలోచన మంచిదే. కాని పాడైతే జవాబు చెప్పుకోవలసి వస్తుందని ఆటవస్తువులను బీరువాలో పెట్టి, తనిఖీ రోజున బయటికి తీసే బడులను నేను చూశాను. సంక్రాంతి బొమ్మల కొలువును దూరం నుండి చూసి మురవవచ్చు, తరగతికి ఆ పద్ధతి పనికిరాదు. చెవి చిరిగిన బొమ్మ కనబడితే తనిఖీ అధికారి ఆ ఉపాధ్యాయురాలిని మెచ్చుకోవాలి.

మరి శుభ్రత మాటేమిటని మీరు అడుగుతారు, అడగవలసిన ప్రశ్నే. మెత్తని బొమ్మలో కంటికి కనబడని ధూళి పురుగులు చేరుతాయి. ఉబ్బసం, ఎడతెగని తుమ్ములు ఉన్న పిల్లలకు వాటితో చిక్కు. 60 డిగ్రీల వేడినీటిలో ఉతికితే అవి చస్తాయి. ఆ పైన బొమ్మ లోపలిదాకా ఎండాలి, తడి మిగిలితే బూజు పడుతుంది. అందుకే జానెడుకు మించిన బొమ్మ వద్దు. కొనే పని కూడా లేదు. పాత నూలుచీర, దర్జీ దగ్గర మిగిలిన ముక్కలు, సూది, దారం చాలు. కళ్లకు గుండీలు పెట్టవద్దు, దారంతోనే కుట్టండి. ఊడిన గుండీ బడికి అక్క వెంట వచ్చిన పసివాడి గొంతుకు అడ్డుపడవచ్చు. కొనదలిస్తే ఐఎస్ఐ గుర్తు చూడండి, 2021 జనవరి నుండి ఆటబొమ్మలకు అది తప్పనిసరి. పేల గురించి ఎక్కువ బెంగ అక్కరలేదు. మనిషి తలను వదిలిన పేను సాధారణంగా రెండు రోజులకు మించి బతకదు, బొమ్మను అన్నాళ్లు సంచిలో కట్టి పక్కన పెడితే సరిపోతుంది. ఇక ముక్కు కారుతున్న బిడ్డ ఒడిలోని బొమ్మను మాత్రం లాక్కోవద్దు. ఆ వారం దానిని ఆ బిడ్డకే వదిలేసి, జలుబు తగ్గాక ఉతికి ఎండలో ఆరవేయండి.